పిట్టగోడ కట్టని యిల్లు

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:8, మత్తయి 4:5-7



మోషే ధర్మశాస్త్రములో మనము తరచుగా చదివి దాటిపోవు చిన్న ఆజ్ఞ యొకటి యున్నది. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెననియు, పెట్టనందున ఎవడైనను పడి చనిపోయిన యెడల ఆ దోషము ఇంటిమీదికి వచ్చుననియు దాని భావము. ఆ దేశములో మిద్దెలమీద జనులు మసలుట వాడుక. రాహాబు జనుపకట్టె పరచినది మిద్దెమీదనే; పేతురు ప్రార్థనకు ఎక్కినది మిద్దెమీదికే. పడినవాడు తన అజాగ్రత్తవలన పడెనని యింటివాడు తప్పించుకొనుటకు వీలు లేదు.

ఈ వాక్యమును మేము అనేక పర్యాయములు చదివితిమి గాని, మూడేండ్ల క్రిందట మా సంఘములో జరిగిన సంగతి తరువాతనే దాని భారము మాకు తెలిసినది. మా పేట పిల్లలు బడికి పోవుటకు 16వ నంబరు జాతీయ రహదారిని దాటవలెను. ఆరవ తరగతి పిల్లవాడొకడు, సీటు అందక నడిమి గొట్టము క్రిందనుండి కాలు దూర్చి సైకిలు తొక్కుచు, డొంకలోనుండి ఆగకుండ రోడ్డుమీదికి వచ్చెను. ఆ సైకిలుకు బ్రేకు లేదు. సమాధి యొద్ద మేము ఇది దేవుని చిత్తమని చెప్పితిమి. తల్లి యేమియు అనలేదు. అందరు వెళ్లిన పిమ్మట తాత మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, బ్రేకు వేయించమని వాడు నన్ను రెండుసార్లు అడిగినాడండి. అది కూడ దేవుని చిత్తమేనా?" అనెను. మాకు జవాబు రాలేదు.

ఆ వృద్ధునిమీద భారము మోపుటకు దీనిని వ్రాయుట లేదు. ఆ పిల్లవాడు ఆరేండ్లు మా ఆదివారపు బడికి వచ్చెను. పాటలు నేర్పితిమి, కంఠత వాక్యములు నేర్పితిమి. వాడు దినమునకు రెండుసార్లు దాటు రోడ్డును గూర్చి ఒక్క మాటయైనను చెప్పలేదు. పిట్టగోడ కట్టని యిల్లు మాదే.

ప్రార్థించి పంపితిమి, దూతలు కాపాడుదురని కొందరందురు. దేవాలయ శిఖరముమీద సాతాను చెప్పినదియు అదే. ప్రభువు క్రిందికి దుముకలేదు.

కాబట్టి కిందటి వేసవిలో వి.బి.ఎస్. జరిగిన పది దినములును, సాయంకాలము ఒక గంట దీనికి కేటాయించితిమి. మందిరపు ఆవరణలో సున్నముతో రహదారి గీసితిమి. సైకిలు షాపు నడుపు ముస్లిము సోదరుడొకడు రెండు సాయంత్రములు వచ్చి, కూలి పుచ్చుకొనక పిల్లల సైకిళ్లకు బ్రేకు రబ్బర్లు మార్చి, వెనుక మడ్‌గార్డులకు ఎర్రగా మెరయు పట్టీలు అంటించెను. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ ఒక్క సెకండులో 72 అడుగులు దాటును. మందిరపు గుమ్మము మొదలుకొని ప్రసంగ వేదిక వరకు కొలిచితిమి, అంత లేదు. పిల్లలు నోళ్లు తెరచి చూచిరి, పెద్దలు కూడ.

ముఖ్యముగా నేర్పినది దాటుట. డొంక చివర సైకిలు దిగి నిలువవలెను. మన దేశములో బండ్లు ఎడమప్రక్కన నడచును గనుక మొదటి సగము దాటుటకు కుడివైపు చూడవలెను. నడుమనున్న దిమ్మె యొద్ద మరల ఆగి, ఈ పర్యాయము ఎడమవైపు చూడవలెను. ఎదురుదారిని వచ్చు మోటారు సైకిళ్లు అనేకములు గనుక రెండవ ప్రక్కకు కూడ కన్ను వేయుట మంచిది. సైకిలుమీద పోవునప్పుడు ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరు పోవలెను. ట్రాక్టరు ట్రక్కును పట్టుకొని పోవు ఆట మాత్రము మాన్పించుట మాకు బహు కష్టమైనది. ఇంకను పూర్తిగా మానలేదు.

క్రిస్మసు పాటలకు రాత్రివేళ బయలుదేరు సంఘములకు ఒక మాట. నల్లని శాలువలు కప్పుకొని గుంపుగా రోడ్డుమీద నడువకుడి. కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడి అంచున నడచి, ముందు ఒకడును వెనుక ఒకడును దీపము పట్టుకొనవలెను.

మరియొక సంగతి. ఆ దినమున పోలీసు కేసని భయపడి చాలసేపు ఎవరును పిల్లవానిని ముట్టలేదు. మంచి సమరయుని కథ తెలిసినవారును అక్కడ నుండిరి. గాయపడినవానికి సద్భావముతో సహాయపడు వానిమీద కేసు ఉండదని 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 134ఎ విభాగములో ఉన్నది. 108కి ఫోను చేయుడి, దగ్గర నిలువుడి. అదే సవరణ ప్రకారము, పదునాలుగేండ్ల కుమారునికి మోటారు సైకిలు ఇచ్చు తండ్రికి 25,000 రూపాయల జుర్మానాయు మూడేండ్ల వరకు చెరయు పడవచ్చును. కావలివాడు దూరమునుండి తోలుడు చూచియే యెహూను గుర్తుపట్టెనట. మన పేటలలో అట్టి యెహూలు కొదువ లేరు.

చివరి సాయంత్రమున ప్రశ్నలు అడుగుడని పిల్లలకు చెప్పగా, ఏడేండ్ల చిన్నది లేచి, "అయ్యగారండీ, మీరు బుధవారము కూటానికి ఎదురుదారిని ఎందుకు వస్తారండీ?" అని అడిగెను. నిజమే. దిమ్మె తెగియున్నచోట దాటి, ఎదురుగా అరకిలోమీటరు వచ్చుట ఏండ్ల తరబడి మాకు అలవాటు. ఇప్పుడు వంతెన క్రిందనుండి చుట్టి వచ్చుచున్నాము. బుధవారపు కూటము పది నిమిషములు ఆలస్యముగా ప్రారంభమగును. సంఘస్థులు మన్నింతురు గాక.