కోడి పులుసులో బలం ఎక్కడ ఉంది?

ఆపరేషన్ అయ్యో, టైఫాయిడ్ తగ్గో మీ వారు ఇంటికి వచ్చారా? దిల్‌సుఖ్‌నగర్ అయినా ఎల్‌బీ నగర్ అయినా, చూడవచ్చిన బంధువులు చెప్పే మాట ఒకటే: "నాటుకోడి తెచ్చి పులుసు పెట్టండి, బలం వస్తుంది." మాట మంచిదే. కాని తరువాత జరిగేది గమనించండి. గంటసేపు ఉడికించి, పైనున్న నీరు వడగట్టి రోగికి ఇస్తారు. ముక్కలు మిగిలినవారు తింటారు. సారమంతా నీళ్లలోకి దిగిపోయిందని నమ్మకం.

అది నిజం కాదు. మాంసకృత్తులలో ఎక్కువ భాగం ముక్కలోనే ఉండిపోతుంది. ఉడికిన 100 గ్రాముల మెత్తని కోడిమాంసంలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వడగట్టిన గిన్నెడు నీటిలో కొద్ది గ్రాములే. ఎముకల నుండి దిగే కాల్షియం కూడా స్వల్పమే. 60 కిలోల ఆరోగ్యవంతునికే రోజుకు దాదాపు 50 గ్రాముల మాంసకృత్తులు అవసరం. గాయం మానవలసిన మనిషికి సాధారణంగా ఇంకా ఎక్కువ కావాలి. వేడి చారు గొంతుకు హాయినిస్తుంది, ఒంటికి నీరు అందిస్తుంది, ఆకలి పుట్టిస్తుంది. దాని పని అంతవరకే. ముక్క కూడా రోగికే పెట్టండి.

నాటుకోడే కావాలని అప్పు చేయవద్దు. మాంసకృత్తులలో బ్రాయిలర్ తీసిపోదు, త్వరగా మెత్తబడుతుంది కూడా. నీరసంగా ఉన్నవారు గట్టి ముక్క నమలలేరు.

అరకిలో కోడి తోలు తీయించి తెచ్చుకోండి. సరూర్‌నగర్ రైతుబజారులో కూరగాయలు ముందు కొని, కోడిని చివరగా తీసుకోండి. కుళాయి ధార కింద కడిగితే తుంపరలతో క్రిములు గిన్నెలన్నిటికీ అంటుతాయి. అసలు కడగనక్కరలేదు, ఉడికితే క్రిములు చస్తాయి. కడగకుండా వండమంటే మన ఇళ్లలో ఒప్పుకోరు కనుక, గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, తొట్టిని, కత్తిని, చేతులను సబ్బుతో శుభ్రం చేయండి.

కుక్కరులో రెండు చెంచాల నూనె వేసి ఉల్లిగడ్డ, అల్లంవెల్లుల్లి, పసుపు, మిరియాలపొడి వేయించండి. ముక్కలు వేసి ఐదు నిమిషాలు మగ్గనిచ్చి, టమాట, క్యారెట్, ఆలుగడ్డ, మూడు గ్లాసుల నీళ్లు చేర్చి మూడు నాలుగు విజిల్స్ రానివ్వండి. ముక్క ఎముక నుండి సులభంగా విడిపోవాలి, లోపల ఎరుపు కనిపించరాదు. చివర చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి మరిగిస్తే చిక్కబడుతుంది. నమలలేనివారికి ఎముకలు తీసి, ముక్కలు చిదిమి మెత్తని అన్నంలో కలపండి. కారం, మసాలా తగ్గిస్తే పిల్లలు కూడా ఇదే తింటారు, రెండు వంటలు అక్కరలేదు.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాంసం, ఆలుగడ్డ, టమాట ఎంత పెట్టాలో డాక్టరుగారిని అడిగిన తరువాతే వండండి. బీపీ, గుండె జబ్బు ఉంటే ఉప్పు తగ్గించండి. పక్షవాతం వచ్చి మింగలేనివారికి పలుచని చారు ఊపిరితిత్తులలోకి పోగలదు. నర్సును అడగకుండా ఒక్క చెంచా కూడా పోయవద్దు.

ఆసుపత్రికి తెచ్చేవారికి ఒక మాట. ఎల్‌బీ నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రోలో కొద్ది నిమిషాలే. కాని రోగి నిద్ర లేచేదాకా డబ్బా గంటలకొద్దీ మంచం పక్కనే ఉంటుంది. ఫ్లాస్కులో ముందుగా మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోసి, సలసల కాగే పులుసు నింపండి. మామూలు డబ్బాలో తెస్తే రెండు గంటలలోపు, ఎండాకాలమైతే గంటలోపు తినిపించండి. మూత తీసినప్పుడు ఆవిరి రాని ఫ్లాస్కులోని పులుసు రోగికి పెట్టవద్దు.