యజమాని ఖర్చు, జట్టు గెలుపు : తెలుగు టైటాన్స్ లెక్కపై ఒక పరిశీలన

జట్టు ఓడితే ఆటగాణ్ణి తిట్టడం పాత అలవాటు. యజమానిని తిట్టడం కొత్త అలవాటు. "డబ్బు తియ్యడు, మంచివాళ్లను కొనడు, ఇక గెలుపు ఎక్కడినుంచి వస్తుంది?" అనే మాట హాస్టల్ వరండాలోనూ, బస్టాండు టీ కొట్టు దగ్గరా వింటూనే ఉంటాం. ఈ మాటలో నిజమెంత? కోపం పక్కన పెట్టి, అంకెలు ముందు పెట్టుకొని చూద్దామన్నదే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం. ఉదాహరణగా మన పేరు పెట్టుకున్న కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ నే తీసుకుంటున్నాను.

1. ప్రశ్న పుట్టినచోటు

ఈ తగవు అమెరికాలో బాగా పాతది. అక్కడి బేస్‌బాల్ లీగులో ఆటగాళ్ల జీతాలకు గట్టి పరిమితి లేదు. న్యూయార్క్ వంటి మహానగరపు జట్టుకు ఆదాయం ఎక్కువ, ఖర్చు ఎక్కువ. పిట్స్‌బర్గ్ వంటి చిన్న ఊరి జట్టుకు ఆదాయం తక్కువ. అక్కడి అభిమానులు మా యజమాని తగినంత ఖర్చు పెట్టడం లేదని ఏళ్ల తరబడి గొణుగుతూనే ఉన్నారు.

కాని అదే లీగులో 2002లో ఒక విచిత్రం జరిగింది. ఓక్లాండ్ అథ్లెటిక్స్ జట్టు జీతాల మొత్తం సుమారు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్ జట్టుది సుమారు 12 1/2 కోట్ల డాలర్లు. మూడింతల తేడా! అయినా ఆ సంవత్సరం లీగు దశలో రెండు జట్లూ సరిగ్గా 103 ఆటలే గెలిచాయి. ఇతరులు చిన్నచూపు చూసిన ఆటగాళ్లను లెక్కలు కట్టి వెదికి పట్టుకోవడమే ఓక్లాండ్ వారి కిటుకు.

మన క్రికెట్లోనూ ఇటువంటిదే ఉంది. 2008లో ఐ.పి.ఎల్. మొదలైనప్పుడు హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ ఖరీదు సుమారు 10.7 కోట్ల డాలర్లు. ఆండ్రూ సైమండ్స్ ఒక్కడికే 13 1/2 లక్షల డాలర్లు పెట్టారు. ఫలితం: 14 ఆటల్లో 2 గెలుపులు, ఆఖరి స్థానం. అన్ని జట్లలో చౌకగా, 6.7 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయిన రాజస్థాన్ ఆ ఏడు కప్పు ఎత్తుకుపోయింది. మరుసటి ఏడు, 2009లో, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే డెక్కన్ ఛార్జర్స్ విజేత అయింది. ఒకే యజమాని, ఒకే సంచి. మారింది జట్టు కూర్పు, దాన్ని నడిపిన తీరు.

2. కబడ్డీలో పద్ధతి వేరు

ప్రొ కబడ్డీ లీగ్ 2014లో 8 జట్లతో మొదలైంది. 2017లో 12 జట్లయింది. ఇందులో ఆటగాళ్ల కొనుగోలుకు 'పర్సు' అనే పరిమితి ఉంది. మొదట తక్కువగా ఉన్న ఈ పర్సు 4 కోట్ల 40 లక్షలకు వచ్చి, 10వ సీజన్ (2023) వేలం నాటికి 5 కోట్లకు పెరిగింది. ముంబాయి జట్టయినా, పాట్నా జట్టయినా, మన జట్టయినా ఇదే గీత. ఇంకో 5 కోట్లు జేబులో ఉన్నా వేలంలో తియ్యడానికి వీల్లేదు.

కాబట్టి "ఎంత ఖర్చు పెట్టాడు?" అనే ప్రశ్నకు ఇక్కడ పెద్ద అర్థం లేదు. "ఎవరి మీద, ఏ పాళ్లలో ఖర్చు పెట్టాడు?" అన్నదే అసలు ప్రశ్న.

3. అంకెలు ఏమంటున్నాయి?

తెలుగు టైటాన్స్ మొదట్లో తీసిపారేసే జట్టు కాదు. 2015లో మూడో స్థానం, 2016 రెండో టోర్నీలో సెమీఫైనల్. రాహుల్ చౌదరి కూతకు వెళ్తుంటే మన పల్లెల్లో టీవీల ముందు జనం గుమిగూడిన రోజులవి. తర్వాత జారుడు మొదలైంది. 2019లో సిద్ధార్థ్ దేశాయ్ ని 1 కోటి 45 లక్షలకు కొన్నారు. ఆ ఏటి వేలంలో అదే అత్యధిక ధర. అయినా జట్టు పైకి రాలేదు. ఆ తరువాత మూడు సీజన్లు చూడండి:

8వ సీజన్ (2021-22): 22 ఆటల్లో 1 గెలుపు, 12వ స్థానం.
9వ సీజన్ (2022): 22 ఆటల్లో 2 గెలుపులు, 12వ స్థానం.
10వ సీజన్ (2023-24): 22 ఆటల్లో 2 గెలుపులు, 12వ స్థానం.

మొత్తం 66 ఆటలకు 5 గెలుపులు. 10వ సీజన్ ఫైనల్ హైదరాబాద్ లోనే, 2024 మార్చి 1న జరిగింది. మన ఊళ్లో పుణే, హర్యానా జట్లు తలపడుతుంటే మనం ప్రేక్షకులం!

పిసినారితనం వల్లనే ఇలా అయిందా? కాదు. 10వ సీజన్ వేలంలో పవన్ సెహ్రావత్ ను టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అంతవరకు లీగు చరిత్రలో ఏ ఆటగాడికీ పలకని ధర అది. ఇప్పుడు లెక్క కట్టండి. 5 కోట్లలో ఇది 52 శాతం. మిగిలింది 2 కోట్ల 39 1/2 లక్షలు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి గనుక మిగతా 17 మందికి సగటున 14 లక్షలు. పవన్ తన పని తాను చేశాడు, రైడ్ పాయింట్లు 200 దాటించాడు. జట్టు మాత్రం రెండే ఆటలు గెలిచింది.

4. కారణం : కనిష్ఠ నియమం

వ్యవసాయ రసాయనశాస్త్రంలో ఒక నియమం ఉంది. కార్ల్ స్ప్రెంగెల్ ముందు చెప్పగా, జస్టస్ లీబిగ్ ప్రచారంలోకి తెచ్చాడు. పంట దిగుబడిని నిర్ణయించేది అన్నిటికంటె ఎక్కువగా ఉన్న పోషకం కాదు, అన్నిటికంటె కొరతగా ఉన్న పోషకం. వరిమడిలో జింకు లోపిస్తే ఆకు మీద తుప్పురంగు మచ్చలు వస్తాయి. అప్పుడు ఇంకో బస్తా యూరియా చల్లితే ఏం లాభం? చేనుకు కావలసింది జింకు సల్ఫేట్. కొంతమంది రైతులు ఇది తెలియక యూరియా మీద యూరియా పోస్తారు. డబ్బు ఖర్చవుతుంది, గింజ మాత్రం నిండదు.

కబడ్డీ ఆట నియమాలు చూస్తే ఈ సూత్రం అచ్చంగా అతుకుతుంది. బరిలో ఏడుగురు. కూతకు వెళ్లినవాడు పట్టుబడితే బయట కూర్చోవాలి. మనవాళ్లు ఎదుటి జట్టులో ఒకణ్ణి అవుట్ చేస్తేనే అతను తిరిగి లోపలికి వస్తాడు. అనగా 2 కోట్ల 60 లక్షల ఆటగాణ్ణి బరిలోకి తిరిగి తెచ్చేది ఎవరు? మూలలో నిలబడి కాలు పట్టే 14 లక్షల ఆటగాడు! వాడి పట్టు జారితే కోట్ల విలువైన రైడర్ బెంచీ మీద కూర్చుని చూడవలసిందే. అంతలో ఎదుటివాళ్లు మిగిలినవాళ్లను ఊడ్చేసి ఆలౌట్ చేస్తారు. దానికి అదనంగా రెండు పాయింట్లు కూడా సమర్పించుకోవాలి.

కాబట్టి కబడ్డీలో ఆటగాళ్ల బలాలను కూడితే జట్టు బలం రాదు. ఒకడి బలం ఇంకొకడి బలం మీద ఆధారపడి ఉంటుంది. అతి బలహీనమైన చోటే గొలుసు తెగుతుంది.

5. దీనికి రుజువు ఉందా?

ప్రయోగశాలలో ఒక పదార్థాన్ని తీసివేసి ఫలితం చూస్తాం గదా! 2022లో లీగులో అలాంటి ప్రయోగం తనంతట తానే జరిగింది. ఆ ఏడు ఇదే పవన్ ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొన్నారు. మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. అందరూ ఆ జట్టు పని అయిపోయిందనుకున్నారు. కాని కొత్తగా వచ్చిన నరేందర్ అనే కుర్రాడు 200 పైగా పాయింట్లు తెచ్చాడు, డిఫెన్స్ గట్టిగా నిలబడింది, తలైవాస్ సెమీఫైనల్ చేరింది.

పాట్నా పైరేట్స్ కథ ఇంకొకటి. పర్దీప్ నర్వాల్ ఉండగా ఆ జట్టు 2016, 2017లలో వరుసగా మూడుసార్లు కప్పు గెలిచింది. "చూశారా, స్టార్ ఉంటేనే గెలుపు" అని మిత్రులు అనవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. కాని పర్దీప్ ను 2021లో 1 కోటి 65 లక్షలకు యు.పి. జట్టు కొనుక్కున్నాక ఏమయింది? పర్దీప్ లేని పాట్నా ఆ సీజన్లో ఫైనల్ దాకా వచ్చి, ఢిల్లీ చేతిలో ఒకే ఒక్క పాయింటుతో ఓడింది. స్టార్ వ్యర్థమని నేను అనడం లేదు. మిగతా ఆరు స్థానాలు నిండినప్పుడే స్టార్ వెలుగుతాడని అంటున్నాను.

6. పర్సులో కనపడని ఖర్చు

యజమానికి ఇంకో రకం ఖర్చు ఉంది. దీనికి వేలం గీత అడ్డురాదు. కోచ్, ఫిజియో, ఊరూరా తిరిగి కుర్రాళ్లను చూసే మనుషులు, ఏడాది పొడవునా శిక్షణ, మ్యాట్లు, తిండి. పర్సు అందరికీ సమానమైనప్పుడు జట్లమధ్య తేడా రావలసింది ఇక్కడే. యజమాని తగినంత ఖర్చు పెడుతున్నాడా అని అడగదలచుకుంటే ఈ ఖాతా గురించే అడగాలి.

2024లో టైటాన్స్ కొత్త కోచ్ గా కృషన్ కుమార్ హుడాను తెచ్చుకున్నారు. అంతకుముందు ఢిల్లీని విజేతగా నిలిపినవాడు ఆయన. పవన్ ధర 1 కోటి 72 1/2 లక్షలకు తగ్గింది, అంటే పర్సులో 34 1/2 శాతం. మిగిలిన డబ్బు మిగతావాళ్లకు పారింది. ఆ సీజన్ మధ్యలో పవన్ గాయపడినా విజయ్ మలిక్ వంటివారు భారం మోశారు. 2 గెలుపుల జట్టు 12 ఆటలు గెలిచి 7వ స్థానానికి వచ్చింది. 2025లో పవన్ వేరే జట్టుకు వెళ్లాడు. విజయ్ మలిక్ నాయకత్వంలో టైటాన్స్ ప్లేఆఫ్ చేరి మూడో స్థానంలో నిలిచింది. దీనికంతా ఒకే కారణం చెప్పడం శాస్త్రీయం కాదు. కాని పంపకం మారినప్పుడు పంట మారిందన్నది మాత్రం కాదనలేం.

7. మన వైపు చూపు

ఇంతకూ దీనితో మనకేం పని? ఉంది. జట్టు పేరులో తెలుగు ఉంది. ఆ జట్టును మోసిన రాహుల్ ఉత్తరప్రదేశ్ వాడు, సిద్ధార్థ్ మహారాష్ట్ర వాడు, పవన్ ఢిల్లీ వాడు, విజయ్ మలిక్ హర్యానా వాడు. వాళ్లమీద మనకు ఏ పేచీ లేదు, చెమటోడ్చి ఆడారు. కాని చర్ల, దుమ్ముగూడెం, మణుగూరు, ఇల్లందు వైపు పల్లెల్లో సంక్రాంతికి కబడ్డీ పోటీ పెడితే ఊరికొక జట్టు దిగుతుంది. పత్తి ఏరి, మిరప తోటలో నీళ్లు కట్టి, సాయంత్రం బరిలోకి వచ్చే పొలగాళ్ల కాలిపట్టు చూసినవారికే తెలుస్తుంది. వాళ్లకు లేనిది బలం కాదు. మట్టి మీద ఉత్తకాళ్లతో ఆడినవాడు బూట్లు తొడుక్కొని మ్యాట్ మీద దిగితే అడుగు తడబడుతుంది. 30 సెకండ్లలో కూత ముగించే లెక్క, వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావోరేవో అయ్యే ఒత్తిడి, ఇవన్నీ నేర్పితే వచ్చేవి.

భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైచిలుకు. సెలక్షన్ కు పోవాలంటే రానుపోను ఛార్జీలు, రెండు రోజుల కూలి పోతాయి. కిన్నెరసానిలో గిరిజన సంక్షేమ శాఖ క్రీడా పాఠశాల నడుపుతున్నది, అది మంచి పునాది. దాని తర్వాతి మెట్టు ఏది అన్నదే సమస్య. లీగులో 'న్యూ యంగ్ ప్లేయర్' అనే కొత్త కుర్రాళ్ల వర్గం ఉంది. తలైవాస్ ను నిలబెట్టిన నరేందర్ ఆ దారినే వచ్చాడు. పర్సు సమానమైన లీగులో చవకగా దొరికే మంచి ఆటగాడే అసలు లాభం. అలాంటివాళ్లు దొరికే చోటు మన అడవి అంచున ఉంది. ఓక్లాండ్ వాళ్లు లెక్కలు కట్టి వెదికింది ఇటువంటి సరుకునే!

8. చివరగా యూనియన్ కు ఒక మాట

యజమానిని అడిగే ప్రశ్నను మనల్ని మనం అడుగుకోవద్దా? మనందరం కట్టే ఆటల ఫీజుకూ ఒక పర్సు ఉంది. దాని మీదా మనకు పెత్తనం ఉంది. అంతర కళాశాలల పోటీలప్పుడు రంగురంగుల జెర్సీలకు, సన్మానాలకు ఎంత పోతుంది? మ్యాట్ అద్దెకు, మోకాలి పట్టీలకు, రెండు నెలలు నేర్పే ఒక కోచ్ కు ఎంత పోతుంది? ఈ రెండు అంకెలనూ వచ్చే సంవత్సరం నోటీసు బోర్డు మీద పక్కపక్కన పెట్టవలసిందిగా కోరుతున్నాను.

ఎంత ఖర్చయిందన్నది సగం ప్రశ్నే. కొరత ఉన్నచోట ఖర్చయిందా అన్నది మిగతా సగం. చేనుకైనా, జట్టుకైనా, యూనియన్ కైనా లోపం ఎక్కడో ముందు కనుక్కొని, తరువాత సంచి విప్పడమే తెలివి.