తాబేలు పిల్లకు కింద ఏం పరచాలి? గుంతకల్లు ఎండకు తగ్గ చిట్కాలు

వానలు పడి శెనక్కాయ విత్తే రోజుల్లో మన చేలగట్ల మీద తాబేళ్లు కనబడతాయి. పిల్లలు ముద్దుపడి ఇంటికి తెచ్చేస్తారు. ఇంకొందరు పెద్ద ఊళ్లలో డబ్బు పెట్టి కొని తెస్తారు. రెండింటికీ చాలా తేడా ఉంది. అందుకే మొదటి చిట్కా మట్టి గురించి కాదు, చట్టం గురించి.

1. ఏ తాబేలో ముందు తేల్చుకోండి. నల్లటి డిప్ప మీద ఒక్కో పలక నడిమి నుంచి పసుపు గీతలు చుట్టూ విచ్చుకుని ఉంటే అది నక్షత్ర తాబేలు. అనంతపురం తుప్పల్లో పుట్టి పెరిగేదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ దాన్ని మొదటి షెడ్యూల్లో చేర్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. పట్టుకున్నా, కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, రూ.25 వేలకు తగ్గకుండా జరిమానా. ‘ప్రేమగానే చూసుకుంటున్నాం’ అంటే చెల్లదు. ఒక్క అక్రమ వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లు తరలిపోతున్నాయని 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. తాబేలుంటే ఇంటికి కలిసొస్తుందన్న నమ్మకం కూడా ఈ వ్యాపారాన్ని పోషిస్తోంది. అంత నమ్మకముంటే ఇత్తడిది పెట్టుకోండి, మేత ఖర్చు కూడా ఉండదు.

2. చేలో కనబడితే అక్కడే వదిలేయండి. ట్రాక్టరు దారిలో ఉంటే ఎత్తి గట్టు మీద పెట్టండి, చాలు. ఇప్పటికే ఇంటికి చేరి ఉంటే గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో, నీడపట్టున ఉంచి, లోతు లేని మూకుట్లో నీళ్లు పెట్టి, అటవీ శాఖ రేంజి ఆఫీసుకు కబురు చెయ్యండి. ఎక్కడిదో తెలియనిదాన్ని తీసుకెళ్లి మీకు తోచిన గుట్టల్లో వదలొద్దు. దాని రోగాలు అక్కడివాటికి అంటుకుంటాయి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి కదా అని అడిగేవాళ్లుంటారు. అది గుడి, మన పెరడు కాదు.

3. విదేశీ తాబేలైతే కాగితాలు చూడండి. మన దగ్గర ఎక్కువగా అమ్మేది ఆఫ్రికా సహెల్ ప్రాంతపు సుల్కాటా. ఇసుక రంగు డిప్ప, గీతలుండవు, వెనక తొడల మీద ముళ్లలాంటి మొటిమలుంటాయి. 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటివాటిని కేంద్ర ప్రభుత్వ ‘పరివేష్’ పోర్టల్లో నమోదు చేయించాలి. కాగితం చూపని అంగట్లో కొనొద్దు. అరచేతిలో ఇమిడే ఈ పిల్ల ముందుముందు 40 కిలోలు దాటొచ్చు, 50 ఏళ్లకు పైగా బతకొచ్చు. ఇక్కడి నుంచి చెప్పేవన్నీ ఇలా నమోదైన మెట్ట తాబేలు పిల్లల కోసం.

4. ఇసుక వద్దు. ఎడారి జీవి కదా అని చాలామంది మొదట పరిచేది ఇదే. మేతతో పాటు ఇసుక కడుపులోకి పోయి పేగులకు అడ్డం పడుతుంది. పైగా తడి నిలవదు.

5. ఇవీ వద్దు. శెనక్కాయ పొట్టు మనకు ఊరికే దొరుకుతుంది కానీ తడి తగిలితే బూజు పట్టి విషమవుతుంది. ఊకలో, రంపపు పొట్టులో దుమ్ము ముక్కులకెక్కుతుంది. ఘాటు వాసన వచ్చే చెక్క పొట్టు ఊపిరితిత్తులకు చెరుపు. నల్లరేగడి తడిస్తే కాళ్లకు ముద్దలు కడుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వట్టి టైల్స్ మీద, న్యూస్‌పేపరు మీద కాళ్లు జారి పక్కలకు వంకరపోతాయి.

6. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు కలిపి పరవండి. మట్టి మూడు పాళ్లు, పొట్టు రెండు పాళ్లు. ఎరువు, పురుగుమందు పడిన చేలోది తేవద్దు. రాళ్లు, గాజుపెంకులు లేకుండా జల్లించి, రెండు రోజులు బాగా ఎండబెట్టండి. నర్సరీల్లో దొరికే కొబ్బరి పొట్టు ఇటుకను నీళ్లలో విడదీసి రెండుసార్లు కడిగి పిండండి. అందులో ఉప్పు ఉంటుంది. కలిపిన మట్టిని నాలుగు వేళ్ల మందాన పరవండి. తడి ఎంతుండాలో చేత్తోనే తెలుస్తుంది: పిడికిట్లో గట్టిగా పిండితే ఉండ నిలవాలి, వేలితో తడితే విచ్చిపోవాలి, నీటిచుక్క కారకూడదు. రోజూ మూలల్లో కాసిన్ని నీళ్లు పోస్తే అడుగున తడి ఉండి పైపొర పొడిగా ఉంటుంది. పైన కూడా బురదైతే పొట్టకింద డిప్ప కుళ్లుతుంది. రెట్ట కనబడగానే తీసేయండి. వాసన మారితే మొత్తం మార్చేయండి.

7. తడి ఎందుకింత ముఖ్యమంటే, పొడిగాలిలో పెరిగే పిల్లకు డిప్ప నున్నగా రాదు, పలకలు గుట్టలుగా లేస్తాయి. మాంసకృత్తులు ఎక్కువై అలా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రియా రాజధాని వియన్నా పశువైద్య శాస్త్రజ్ఞులు 50 సుల్కాటా పిల్లలను వేర్వేరు తేమల్లో, వేర్వేరు మేతలతో పెంచి 2003లో ఫలితం చెప్పారు: అసలు కారణం తేమ చాలకపోవడం, మేత పాత్ర స్వల్పం. సహెల్లో కూడా అవి బొరియ తవ్వుకుని అడుగు తడిలో దాక్కుంటాయి. అందుకే ఒక మూల మట్టికుండ బోర్లించి, ఒక పక్క పగలగొట్టి, కింద తడి మట్టి వేయండి. మన వేసవి మధ్యాహ్నం అదే దాని ఇల్లు.

8. రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టండి. నీళ్లు గడ్డం దాటకూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తాగే నీళ్లే వాడండి. ఆ నీళ్లలో తెల్లటి పదార్థం వదులుతుంది. మెత్తగా ఉంటే సరే. వేళ్ల మధ్య గరగరమంటే ఒంట్లో నీళ్లు చాలలేదని.

9. మేత ఒక తాడిపత్రి బండ ముక్క మీద పెట్టండి. మట్టి నోట్లోకి పోదు, మూతీ గోళ్లూ అరుగుతాయి. గరిక, గలిజేరు, మందార ఆకులూ పూలూ, ముళ్లు కాల్చిన నాగజెముడు మంచివి. మునగాకు కాస్తే. పాలకూర, తోటకూర ఎప్పుడైనా. అన్నం, చపాతీ, బిస్కెట్, పాలు వద్దు. పిల్లలు ఉగ్గానిలోంచి బొరుగులు తీసి పెడుతుంటారు, మాన్పించండి. కాల్షియానికి కోడిగుడ్డు పెంకు పొడి చల్లవచ్చు, తమలపాకు సున్నం మాత్రం ముట్టించొద్దు.

10. పొద్దున ఏడు, తొమ్మిది మధ్య ఎండ చూపించండి, పక్కనే నీడ ఉండాలి. గాజు అద్దం లోంచి పడే ఎండ ఎముకకు పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులోనో, మిద్దెమీదనో ఉంచితే గంటలో ప్రాణం పోతుంది. డిసెంబరు రాత్రులు లోపల పెట్టండి.

11. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు వేయొద్దు. నరాలు చచ్చుబడి చనిపోతుంది. ముక్కులో బుడగలు, ఉబ్బిన కళ్లు, మెత్తబడ్డ డిప్ప కనబడితే సరీసృపాలు చూసే డాక్టరు కావాలి. ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలల్లో అడగండి.

12. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఒంటికి అంటుతుంది. ఈ భయంతోనే అమెరికా 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని ఆపింది. ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది. వంటింటి సింకులో దాని గిన్నెలు తోమొద్దు.

13. పెంచలేమనిపిస్తే చెరువులో వదిలేయకండి. మెట్ట తాబేలు ఈదలేదు, మునిగిపోతుంది. అటవీ శాఖకే అప్పగించండి.