ఆగు బాపూ, లెక్క తప్పుతది

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే ట్రాలీల్లో కొన్నిట్లో, బస్తాల సందున కాలిపోయిన మోటారు ఒకటి కనిపిస్తుంది. పంట అమ్ముకోవడం, వైండింగ్ చేయించుకోవడం ఒక్క తొవ్వలోనే అయిపోవాలని రైతు ఆలోచన. పోయిన యాసంగిలో నేనూ అట్లాగే మా మూడు హెచ్‌పీ మోటారు దింపి, ఓ చిన్న షాపు ముందు స్టూలు మీద కూర్చున్నాను.

లోపల పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లగాడు మాడిన రాగి తీగను కోసి తీస్తున్నాడు. ఒక కాయిల్ మాత్రం చెదరకుండా పక్కన పెట్టి చుట్లు లెక్కపెట్టాడు, గేజితో తీగ మందం చూశాడు, రెండూ నోటుబుక్కులో రాసుకున్నాడు. తర్వాత స్లాట్లలో ఇన్సులేషన్ పేపర్ మడిచి పెట్టాడు. మేస్త్రీ వచ్చి వేలితో తడిమి, "ఈడ చినిగింది, మళ్ల పెట్టు బిడ్డా" అని పోయాడు. ఆ చిరుగు గోరంత కూడా లేదు. కానీ అక్కడ తీగ ఇనుముకు తగిలితే కరెంటు బాడీకి వస్తుంది. తెల్లవారుజామున తడి కాళ్లతో మోటారు దగ్గరికి పోయే మనిషి ప్రాణం ఆ కాగితం మీదే ఉంటుంది.

అప్పుడే పక్కన నిల్చున్న ఓ తండ్రి, పదో తరగతి చదివే కొడుకుతో అన్నాడు: "మంచిగ చదువకుంటే నువ్వు గూడ గిట్లనే మోటర్లు చుట్టుకుంట బతుకుతవ్."

లోపలి పిల్లగాడు తల ఎత్తలేదు. మేస్త్రీ విననట్టే ఉన్నాడు.

ఆ తండ్రిని తప్పుపట్టలేను. మా ఇంట్లో నేనూ ఈ మాటే అన్నాను, ఒకసారి కాదు. మన చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వస్తే మురిసిపోయాం. ఆ చేనుకు నీళ్లు పారించే మోటారును నిలబెట్టిన మనిషిని మాత్రం పిల్లలకు భయం చెప్పడానికి వాడుకుంటున్నాం. అమ్మానాన్నలకు నేను చెప్పేది ముందు ఇదే: పనిని శిక్షగా చూపించకండి. ఇంటికి వచ్చిన ప్లంబర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను పిల్లల ముందు "అన్నా" అని పిలవండి. ఏం చెడిపోయిందో, ఎందుకు చెడిపోయిందో పిల్లల చేతనే అడిగించండి.

ఇక మీ బిడ్డ చేయి నిజంగానే పనివైపు పోతుంటే, దారి సక్కగా చూపించండి. పద్నాలుగు నిండని పిల్లల్ని షాపులో పెట్టడం చట్టం ఒప్పదు, ప్రమాదకరమైన పనికైతే పద్దెనిమిది నిండాలి. పది పాసయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటివి రెండేళ్లు, వెల్డర్ ఏడాది. ఆడపిల్లలకూ ఈ తలుపు తెరిచే ఉంది, మనమే అటు చూపించం. ఐటీఐ తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరితే స్టైపెండ్ వస్తుంది, చివర్లో పరీక్ష, సర్టిఫికెట్ ఉంటాయి. రైల్వేలో అప్రెంటిస్ చేసినవాళ్లకు లెవెల్-1 ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. మన రైల్వే ఊరు కాజీపేట పిల్లలకు ఇది కొత్త సంగతేం కాదు. చదువు అక్కడితో ఆగిపోతుందన్న బెంగా వద్దు: రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు అర్హత ఉంటే ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో, ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

ఒక్క జాగ్రత్త. మా బంధువుల పిల్లవాడిని ఒకచోట ఆరు నెలలు చాయ్ తేవడానికీ చీపురు పట్టడానికీ వాడుకున్నారు. ఒప్పందం రాసుకున్నారా అంటే లేదు. చేరేటప్పుడే ఒప్పందం కాగితం చూడండి, మీ పిల్లల పేరు అప్రెంటిస్‌గా నమోదైందో లేదో అడగండి. మొదట్లో వచ్చే డబ్బు తక్కువే, దాన్ని పక్కింటి కుర్రాడి జీతంతో పోల్చకండి. ఆదివారం ఇంటికొస్తే "ఎంత ఇచ్చిండ్రు" అనేకంటే ముందు "ఈ వారం ఏం నేర్చుకున్నవ్" అనండి. మూడు వారాలు వరుసగా జవాబు రాకపోతే మీరే వెళ్లి మేస్త్రీతో కూర్చుని మాట్లాడండి.

ఆ రోజు మేస్త్రీతో బేరం తెమిలేసరికి పొద్దు వాలింది. ఆ పదో తరగతి పిల్లవాడు ఎప్పుడు పోయాడో, లోపల వైండింగ్ మిషన్ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పెద్దపిల్లగాడు పిడి తిప్పుతుంటే వీడు చుట్లు లెక్కపెడుతున్నాడు. బయటి నుంచి తండ్రి కేకేశాడు.

"ఆగు బాపూ, లెక్క తప్పుతది."