మొండి నట్టు, ఎడమ మర

సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమ మనది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన పుట్టపర్తి చుట్టూ, కొత్తచెరువు, బుక్కపట్నం పొలాలలో బోరుబావులు వేసే లారీలకు వేసవిలో విశ్రాంతి ఉండదు. వాటిలో అనేకం తమిళనాడులోని తిరుచెంగోడు నుండి వచ్చినవి. దారిన పోయే లారీకి ఎదురుగాలి రేడియేటరును కొంత చల్లబరుస్తుంది. ఒకేచోట నిలిచి గంటల తరబడి ఇంజను నడిపే లారీకి ఆ భాగ్యం లేదు. ఫ్యానే దానికి దిక్కు. ఫ్యాన్ క్లచ్చి చెడినా, దాని వెనుకనున్న నీటి పంపు కారినా ఇంజను కాగిపోతుంది. అప్పు తెచ్చి బోరు వేయిస్తున్న రైతు గట్టుమీద కూర్చుండి మెకానిక్కు కొరకు ఎదురు చూడవలసి వస్తుంది. మెకానిక్కు వచ్చిన పిమ్మట అతనికి అడ్డుపడేది ఒక పెద్ద నట్టు.

అన్ని ఇంజనులకూ ఈ చిక్కు లేదు. కొన్నిటిలో రెక్కలను నాలుగైదు బోల్టులతో పుల్లీకి బిగిస్తారు. అవి మామూలు మరలే. ఫ్యాన్ క్లచ్చికి ఒకే పెద్ద నట్టు ఉండి, అది నీటి పంపు ఇరుసుమీది మరకు నేరుగా ఎక్కే రకమును గూర్చియే ఈ పాఠం.

మర అను మాట ఇక్కడ ముఖ్యమైనది. తెలుగులో మరమేకు, మరమగ్గం అని వాడుతున్నాము. మన ఉర్దూ మెకానిక్కులు దానినే 'చూడీ' అంటారు. గాజుకు కూడ ఉర్దూలో అదే పేరు. ఇరుసుపై చుట్లు చుట్లుగా పోయే గీతను చూచి గాజుల వరుసను తలచిన వాడెవడో రసికుడే. మరమ్మతు అను మాటకు మాత్రం మన మరతో చుట్టరికం లేదు. అది అరబ్బీనుండి ఉర్దూ ద్వారా వచ్చిన 'మరమ్మత్'.

సాధారణంగా నట్టును గడియారపు ముల్లు తిరిగే దిక్కుకు త్రిప్పితే బిగుస్తుంది, ఎదురు దిక్కుకు త్రిప్పితే వదులవుతుంది. ఇది కుడి మర. ఇందుకు విరుద్ధమైనది ఎడమ మర; షెడ్డులలో దీనిని 'ఉల్టా చూడీ' అంటారు. సైకిలు ఎడమ పెడలుకు ఉన్నది ఈ మరే. ఫ్యానుకు ఇది ఎందుకు? ఇరుసు త్రిప్పుతుంటే గాలి రెక్కలను ఆపజూస్తుంది. అందుచేత రెక్కలతో కూడిన నట్టు ఇరుసుకంటె కొంచెం వెనుకబడబోతుంది. ఆ వెనుకబాటు నట్టును బిగించవలెనే గాని విప్పరాదు. విప్పినచో ఫ్యాను పోయి రేడియేటరులో పడుతుంది. ముందునుండి చూచినప్పుడు ఇరుసు గడియారపు దిక్కుకు తిరుగుతుంటే ఎడమ మర వేస్తారు. బెల్టు వీపు పుల్లీకి తగిలి పంపు ఎదురు దిక్కుకు తిరిగే ఇంజనులలో కుడి మర వేస్తారు. కావున విద్యార్థి గుర్తుంచుకొనవలసినది ఇంతే: ఫ్యాను ఏ దిక్కుకు తిరుగునో, నట్టు ఆ దిక్కుకే ఊడుతుంది.

నట్టు మొండికేయుటకు కారణం కూడ ఇందులోనే ఉన్నది. ఇంజను నడిచినంతసేపూ గాలి దానిని బిగిస్తూనే ఉన్నది. దానికి తుప్పు, వేడి తోడైనవి. ఈ సంగతి తెలియని కుర్రవాడు పానాకు ఇనుప గొట్టం తగిలించి అలవాటు చొప్పున త్రిప్పుతాడు. ఒక అడుగు పానాకు మూడడుగుల గొట్టం తొడిగితే బలం మూడింతలు. దిక్కు తప్పితే కీడూ మూడింతలే. మర చెడవచ్చు, పంపు ఇరుసే విరగవచ్చు.

పని క్రమం ఇట్లుండవలెను. ఇంజను పూర్తిగా చల్లారవలెను, బ్యాటరీ తీగ విప్పవలెను. రెక్కలకు, రేడియేటరుకు మధ్య గట్టి అట్ట నిలపవలెను. జారిన పానా మొదట పొడిచేది రేడియేటరునే. మర మొదట పలుచని నూనె వేసి కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి, విడువవలెను. ఇక్కడ తొందరపడేవారే ఎక్కువ. బెల్టు బిగువును నమ్మక, పుల్లీ బోల్టులకు తగులునట్లు రంధ్రాలు చేసిన ఇనుప పట్టీతో పుల్లీని కదలకుండ పట్టవలెను. ఆపై నట్టుకు సరిపోయిన పలుచని పెద్ద పానా తగిలించి, దాని కొనపై సుత్తితో ఒక చురుకైన దెబ్బ వేయవలెను. నెమ్మదిగా లాగితే పుల్లీ కూడ తిరగజూస్తుంది. దెబ్బ హఠాత్తుగా పడితే పుల్లీ కదలుటకు వ్యవధి ఉండదు, తుప్పు పట్టు విడిపోతుంది. అప్పటికీ కదలనిచో నట్టును కొద్దిగా వేడి చేయుట కలదు. కాని పంపులోని సీలు, బేరింగు, క్లచ్చిలోని సిలికాన్ ద్రవం మంటకు ఓర్చవు, చుట్టూ డీజిలు తడి ఉంటుంది. ఉలితో నట్టును కొట్టుట అన్నిటికంటె చివరిది. ఆ పిమ్మట కొత్త క్లచ్చి కొనక తప్పదు.

ఊడిన క్లచ్చిని నేలపై పడుకోబెట్టక, బండిలో ఉన్నట్లే నిలిపి ఉంచవలెను. లేకున్న ద్రవం కారవచ్చు. తిరిగి ఎక్కించునపుడు మరను తీగ కుంచెతో శుభ్రపరచి, పలుచగా గ్రీజు పూసి, మొదటి చుట్లు చేతితోనే ఎక్కించి, ఆ ఇంజనుకు చెప్పిన బిగువు మేరకే బిగించవలెను. మిగిలిన బిగువు గాలియే చూచుకొంటుంది.