అర సెకను ఆలస్యం

గుంటూరు

అమ్ములూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు రెండు మాటలన్నావు. ఇంటినిండా జనం, జవాబు చెప్పే సందు దొరకలేదు. "ఓపెన్ సోర్స్ అంటే ఎవడైనా వేలు పెట్టొచ్చు కదా మామయ్యా, దాన్నెలా నమ్ముతాం?" అన్నావు. కాసేపటికి, నీ ల్యాప్‌టాప్‌లో విండోస్ దగ్గర్నుంచి ఫోటోషాప్ దాకా అన్నీ క్రాక్ వెర్షన్లేనని, హాస్టల్లో సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడని నవ్వుతూ చెప్పావు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకో. కోడ్ మొత్తం బయటపెట్టినదాన్ని అనుమానిస్తున్నావు. ఎవడు ఏం కలిపాడో తెలియనిదానికి మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి మరీ దారిచ్చావు.

ముందు నీ అనుమానం సంగతి. ఎవరైనా మార్పు పంపవచ్చు గానీ, దాన్ని లోపలికి తీసుకోవాలో వద్దో తేల్చేది ఆ ప్రాజెక్టు నడిపేవాళ్లే. అయినా నీ అనుమానం ఉత్తదేం కాదు. ఓపెన్ సోర్స్ అభిమానులు "అందరూ చూస్తారు కాబట్టి తప్పు దాగదు" అంటుంటారు. అందరూ చూడొచ్చు, నిజమే. ఎవరైనా చూస్తున్నారా అన్నది అసలు ప్రశ్న. ఎక్స్‌జెడ్ వ్యవహారం మీ క్లాసులో ఎవరైనా చెప్పారో లేదో, కాస్త వివరంగా రాస్తాను.

ఎక్స్‌జెడ్ ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్. లినక్స్ ఉన్న చోట దాదాపు అంతటా అదీ ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన లాసె కొలిన్ ఏళ్ల తరబడి జీతం భత్యం లేకుండా దాన్ని చూసుకుంటూ వచ్చాడు. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి చిన్న చిన్న మార్పులు పంపడం మొదలుపెట్టారు. 2022లో ఇంకొన్ని పేర్లు పుట్టుకొచ్చి, పని నత్తనడక నడుస్తోందని, బాధ్యత మరొకరికి అప్పగించమని కొలిన్‌ను వేపుకుతిన్నాయి. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది తాను ఉచితంగా చేస్తున్న పని అని ఆయన అందరికీ కనపడేలాగే రాశాడు. వాళ్లు ఒత్తిడి తగ్గించలేదు. చివరికి రిలీజులు చేసే అధికారం జియా టాన్‌కు దక్కింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉంది. రహస్య కీ ఉన్నవాడు, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ గుండా సర్వర్‌లోకి దూరి, తనకు కావలసిన కమాండ్ నడిపించుకునే ఏర్పాటు అది. సరుకంతా పరీక్షల కోసం పెట్టిన ఫైళ్లలో దాచారు. దాన్ని మేల్కొలిపే ముక్క మాత్రం రిలీజు కోసం మూటగట్టిన టార్ ఫైల్లోనే ఉంది. కోడ్ మార్పులు భద్రపరిచే గిట్‌లో కూర్చుని చదివినవాడికి అది కనపడదు.

దాన్ని పట్టుకున్నది ఏ భద్రతా సంస్థా కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఇంజినీరు. ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో, అదొక తమాషా. వేగం కొలిచే పరీక్షలు చేసుకుంటుంటే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోంది, ప్రాసెసర్ అనవసరంగా కష్టపడుతోంది. మనమైతే 'నెట్ స్లోగా ఉంది' అనుకుని టీ తాగడానికి లేచేవాళ్లం. ఆయన తవ్వుకుంటూ పోయి, 2024 మార్చి 29న సంగతి బయటపెట్టాడు. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్, ఫెడోరా అనే లినక్స్ రకాల పరీక్ష దశలోకి చేరాయి. డెబియన్ స్థిర వెర్షన్ దాకా రాలేదు. జియా టాన్ అసలు ఎవరో ఇవాల్టికీ తేలలేదు.

ఈ కథ విని "చూశావా, ఓపెన్ సోర్స్ ఎంత ప్రమాదమో" అనేవాళ్లున్నారు. నా తీర్పు వేరు. కోడ్ చేతిలో ఉంది కాబట్టే ఫ్రాయిండ్ అంత లోతుకు, అంత త్వరగా వెళ్లగలిగాడు. మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్ అయితే కంపెనీకి ఫిర్యాదు పెట్టి, జవాబు కోసం ఎదురుచూసేవాడు.

మూసిపెట్టినదాని సంగతీ విను. 2017 మే 12న వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్ ప్రపంచమంతా పాకింది. అది వాడుకున్న విండోస్ లోపం అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు ముందే తెలుసు. తన ఆయుధంగా దాచుకుంది, అది కాస్తా బయటికి పొక్కింది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు ఇచ్చినా, అప్‌డేట్ చేసుకోని యంత్రాలు దెబ్బతిన్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ అందులో ఉన్నాయి. క్రాక్ విండోస్ వాడేవాళ్లు యాక్టివేషన్ పోతుందన్న భయంతో మొదట ఆపేసేది అప్‌డేట్లనే. నీదీ ఆపేసే ఉంటుంది, చూసుకో.

ఇక ఓపెన్ సోర్స్‌కు అసలు జబ్బు దాన్ని ఉచితంగా వాడుకుని వదిలేయడంలో ఉంది. ఊరంతా చెరువు నీళ్లు తోడుకుంటారు, పూడిక తీయడానికి మాత్రం ఒక్కడూ పార పట్టడు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు తెలిసిందేమిటంటే, ఇంటర్నెట్ తాళాల్లో చాలా భాగం ఆధారపడ్డ ఆ సాఫ్ట్‌వేర్‌కు అంతకుముందు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లు. దాన్ని వాడుకుని కోట్లు గడించిన కంపెనీలు పరువు పోయాక గానీ జేబులో చెయ్యి పెట్టలేదు.

ఇక ఫైళ్లు పంచుకోవడం. టొరెంట్ పేరెత్తితే మీ నాన్న దొంగసొమ్ము అంటాడు, నేను అనను. 2001లో బ్రామ్ కోహెన్ తయారుచేసిన బిట్‌టొరెంట్ చక్కటి పనిముట్టు. డెబియన్ తన ఇన్‌స్టాల్ ఫైళ్లను, అంటే ఐఎస్ఓలను, దాని ద్వారా కూడా ఇస్తుంది. బిట్‌టొరెంట్ వచ్చిన ప్రతి ముక్కనూ దాని హ్యాష్‌తో, అంటే వేలిముద్ర లాంటి సంఖ్యతో, సరిచూసుకుంటుంది. అయితే ఆ హ్యాష్ చెప్పేది, పెట్టినవాడు పెట్టిందే నీకు వచ్చిందని. పెట్టినవాడు మంచివాడని కాదు. అందుకే క్రాక్‌ల జోలికి పోవద్దంటాను. 'యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి' అని రాసి ఉన్న ఫైలును నమ్మడానికి నాకు ఒక్క కారణమూ కనపడదు. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే యాప్ ఫైలు కూడా ఆ బాపతే. పొరపాటున ఎవరైనా తెరిచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

డబ్బు లేక క్రాక్ వేసుకున్నానంటావేమో, ఒప్పుకుంటాను. అయితే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ ఉంది, గింప్ ఉంది, బొమ్మలకు ఇంక్‌స్కేప్ ఉంది. తెలుగు ఫాంట్లకూ కొదవలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికానాంధ్ర వాళ్లు మండలి, రామభద్ర, గిడుగు లాంటివి, ఎవరైనా మార్చి పంచుకునే లైసెన్స్‌తోనే, విడుదల చేశారు. ఫోటోషాప్‌కు గింప్ పూర్తిగా సాటి అని అబద్ధం చెప్పను. నీ కాలేజీ పోస్టర్లకు మాత్రం సరిపోతుంది. ఫైళ్లు వేరే చోటికి తీసుకుని డిస్క్ మొత్తం చెరిపి లినక్స్ వేసుకో. వేసుకునే ముందు, దించుకున్న డెబియన్ ఐఎస్ఓను వాళ్లు తమ సైట్‌లో ఇచ్చిన షా-256 హ్యాష్‌తో సరిపోల్చు. పాస్‌వర్డ్‌లు శుభ్రమైన యంత్రం నుంచే మార్చు.

నువ్వు చేయగలిగింది ఇంకొకటుంది. నీ ప్రాజెక్టులో వాడుతున్న లైబ్రరీల్లో చిన్నదాన్ని, ఒకరిద్దరే నెట్టుకొస్తున్నదాన్ని ఎంచుకో. దాని బగ్‌ల జాబితా చదువు. కోడ్ రాయడం రాకపోతే డాక్యుమెంటేషన్‌లో తప్పులు దిద్దు, లేదా తెలుగు అనువాదంలో మిగిలినవి పూర్తిచెయ్. ఎవరైనా ఆ నడిపేవాణ్ణి తొందరపెట్టి విసిగిస్తుంటే, ఆయన తరఫున ఒక మాట రాయి. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టు, ఏది ఎంచుకున్నావో నాకు రాయి.


మీ మామయ్య