డిస్కు పీకితే క్లౌడ్ ఏమనుకుంటుంది?

కంప్యూటర్లో ఉన్న ఫోల్డర్‌ను క్లౌడ్‌తో సింక్ చేయడం మనందరికీ అలవాటైన పనే. ల్యాబ్ రికార్డులు, ప్రాజెక్ట్ రిపోర్టులు అన్నీ అలాగే నడుస్తున్నాయి. అదే ఫోల్డర్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉంటే కథ మారుతుంది. లోపలి డిస్క్ ఇంటిమనిషి, ఎక్కడికీ పోదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ చుట్టం లాంటిది. ఈరోజు ఉంటుంది, రేపు బ్యాగులో ఉంటుంది, ఎల్లుండి ఇంకొకరి ఇంట్లో తేలుతుంది. ఈ రాకపోకలు సింక్ సాఫ్ట్‌వేర్‌కు సరిగా అర్థం కావు. పోయిన సెలవుల్లో మా నందికొట్కూరులో ఇలాంటి కేసు ఒకటి తగిలింది. రెండు రోజులు దానితోనే కూర్చున్నాను కాబట్టి, ఆ కేసునే పాఠంగా చెప్తాను.

మా మామకు ఊళ్ళో ఫోటో స్టూడియో ఉంది. ఆయన దగ్గర 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్. అందులో సుమారు 600 జీబీ పెళ్ళి ఫోటోలు, వీడియోలు. ముచ్చుమర్రి దగ్గర సంగమేశ్వరం గుడి శ్రీశైలం నీళ్ళలోంచి బయటపడ్డప్పుడల్లా పోయి తీసిన ఫోటోలు ఇంకో ఫోల్డర్. వీటన్నిటికంటే చిన్నది మూడోది, మొత్తం కలిపినా ఒక జీబీ కూడా లేదు. మా అవ్వ పాడిన పాటలు. నాట్ల పదాలు, గొబ్బి పాటలు, పీర్ల పండగ పదాలు, మామ తన ఫోన్లో రికార్డు చేసుకున్న నలభై ఒక్క ఫైళ్ళు. అవ్వ పోయి రెండేళ్ళయింది.

మామ ఫోన్ చేసి, "అల్లుడూ, డిస్కు పెట్టినా గూడా ఫోల్డర్ లేదంటాండాది. కింద రెండు బటన్లు చూపిస్తాండాది. యాది నొక్కల్ల?" అన్నాడు.

"ఏదీ నొక్కద్దు మామా. సింక్ పాజ్ చేసి పెట్టు. నేనొస్తాండా."

ఆ బటన్ల మీద ఏముందో తెలుసుకోకుండా ఎందుకు ఆపమన్నానో చెప్పాలంటే సింక్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. సింక్ సాఫ్ట్‌వేర్ దగ్గర మూడు జాబితాలుంటాయి అనుకోండి. డిస్కులో ఇప్పుడు ఏముంది, క్లౌడ్‌లో ఇప్పుడు ఏముంది, పోయినసారి రెండూ సరిసమానంగా ఉన్నప్పుడు ఏముండింది. ఈ మూడోదే అసలు కీలకం. ఒక ఫైలు క్లౌడ్‌లో ఉంది, డిస్కులో లేదు. దానికి రెండు అర్థాలుండొచ్చు. వేరే ఫోన్లోంచో ల్యాప్‌టాప్‌లోంచో కొత్తగా వచ్చిందన్నా కావాలి, ఇక్కడ మనమే తీసేశామన్నా కావాలి. మూడో జాబితాలో ఆ ఫైలు పేరు లేకపోతే కొత్తది, దింపుకోవాలి. ఉంటే పాతది, మనిషి కావాలనే డిలీట్ చేశాడు, కాబట్టి క్లౌడ్‌లోనూ తీసేయాలి. లెక్క చాలా శుభ్రంగా ఉంది. ఇబ్బందల్లా ఎక్కడంటే, డిస్కు కేబుల్ పీకినా ఈ లెక్కకు అదే సమాధానం వస్తుంది. అన్ని ఫైళ్ళూ మూడో జాబితాలో ఉన్నాయి, డిస్కులో ఒక్కటీ లేదు. అంటే మనిషి అన్నీ తుడిచేశాడు!

సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అందుకే ముందు అసలు ఫోల్డరే కనిపించకపోతే పని ఆపి, మనల్ని అడిగేలా రాస్తారు. మామకు వచ్చిన ప్రశ్న అదే, అది నిజానికి మంచి ప్రశ్న. అయితే ఈ కాపలాకు రెండు సందులున్నాయి. ఫైళ్ళు చూస్తూ చూస్తూ ఉండగా మధ్యలో డిస్కు ఊడిపోవడం ఒకటి. డిస్కు ఉండాల్సిన చోట అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ ఒకటి తయారై కూర్చోవడం రెండోది. మొదటిది ఊహించి భయపెట్టడం కాదు. యాప్ నడుస్తుండగా డిస్కు ఊడిపోతే, డిస్కు మొత్తం పోయిందని గుర్తించేలోపే డిలీట్లు మొదలయ్యే అవకాశం కొద్దిగా ఉందని డ్రాప్‌బాక్స్ తన సహాయ పేజీల్లో తానే చెప్పింది. వన్‌డ్రైవ్ అయితే పెన్‌డ్రైవ్ లాంటి రిమూవబుల్ డిస్కుల మీద తన ఫోల్డర్ పెట్టనివ్వదు, డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలని పట్టుబడుతుంది. చాలామంది దీన్ని చాదస్తం అనుకుంటారు. నాకు మాత్రం అది మర్యాదగా ఒప్పుకోవడంలా అనిపిస్తుంది.

కాబట్టి మొదటి పని సింక్ పాజ్ చేయడం. రెండోది, డిస్కు జోలికి పోకుండా, బ్రౌజర్‌లో క్లౌడ్ తెరిచి ఫైళ్ళున్నాయో లేదో చూడడం. అక్కడ లేకపోతే ట్రాష్‌లో చూడాలి. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో పడ్డ ఫైలు 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత శాశ్వతంగా పోతుంది. మామ కేసులో నలభై ఒక్క పాటలూ క్లౌడ్‌లో కనిపించాయి. పక్కనే నిలబడ్డ అత్త అప్పటిదాకా మాట్లాడలేదు. ఒక పాట ప్లే చేసి వినిపించాకే టీ పెట్టడానికి లోపలికి పోయింది.

ఇక ఫోల్డర్ ఎందుకు కనిపించలేదు? స్టూడియో అంటే రోజుకు పదిమంది పెన్‌డ్రైవ్‌లు తెచ్చేచోటు. డిస్కు లేని టైంలో ఎవరిదో పెన్‌డ్రైవ్ పెడితే విండోస్ దానికి 'ఇ' అక్షరం ఇచ్చేసింది. తర్వాత వచ్చిన మామ డిస్కుకు 'ఎఫ్' దక్కింది. సాఫ్ట్‌వేర్ పాపం 'ఇ'లోనే వెతుకుతోంది. స్టార్ట్ మెనూలో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ డిస్కు మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవ్ లెటర్ మార్చే ఆప్షన్ ఎంచుకుంటే మనకు కావలసిన అక్షరం ఇవ్వొచ్చు. మొదటి అక్షరాలకు ఎప్పుడూ పోటీ ఉంటుంది. అందుకే చివరివైపున్న 'ఆర్' లాంటిది ఇచ్చి, సింక్ సెట్టింగుల్లో కొత్త దారి చూపించాలి. స్క్రీన్ మీదున్న రెండు బటన్లలో ఒకటి 'ఫోల్డర్ ఎక్కడుందో చూపించు', రెండోది 'కొత్త ఫోల్డర్ తయారుచేయి'. రెండోది నొక్కి ఉంటే 'ఇ'లో, అంటే ఎవరిదో పెన్‌డ్రైవ్‌లో, అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ పుట్టేది. నేను ఇందాక చెప్పిన రెండో సందు అదే.

దారి దొరికింది, సింక్ మొదలైంది, ఇరవై నిమిషాలకు డిస్కు మాయం. మళ్ళీ పాజ్. ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేర్‌ను తిట్టేముందు కరెంటు సంగతి చూడాలి. వేరే అడాప్టర్ లేని చిన్న డిస్కులు యూఎస్‌బీ పోర్టులోంచే కరెంటు తాగుతాయి. ప్రమాణాల ప్రకారం యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 పోర్టు 900 ఇస్తుంది. మామ డిస్కు కీబోర్డు, మౌసు, కార్డ్ రీడర్‌తో కలిసి ఒకే హబ్ మీద బతుకుతోంది. దాన్ని తీసి సీపీయూ వెనకాల నేరుగా నీలం పోర్టులో పెట్టి, కేబుల్ మార్చాక మళ్ళీ ఊడలేదు. అది కూడా పనిచేయకపోతే డిస్కు ఆరోగ్యమే చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ స్మార్ట్ వివరాలు చూపిస్తుంది. రీలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అన్న వరసల్లో అంకెలు పెరుగుతుంటే డిస్కు వయసు దగ్గరపడినట్టే. అప్పుడు రిపేరు ప్రోగ్రాములు నడపకుండా ముందు ముఖ్యమైనవి కాపీ చేసుకోవాలి. జబ్బు డిస్కు మీద చెక్‌డిస్క్ నడపడమంటే జ్వరంలో ఉన్నవాణ్ని పరుగెత్తించడమే.

ఫార్మాట్ గురించి రెండు మాటలు. మామ డిస్కు ఎక్స్‌ఫ్యాట్. దానికి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లాగా జర్నల్ ఉండదు. రాస్తుండగా కరెంటు పోతే, కేబుల్ ఊడితే, చెడిపోయే అవకాశం ఎక్కువ. విండోస్‌లో ఉన్న కన్వర్ట్ కమాండ్ ఫ్యాట్ 32ను మారుస్తుంది గానీ ఎక్స్‌ఫ్యాట్‌ను మార్చదు. కాబట్టి అన్నీ వేరేచోటికి దించి, ఫార్మాట్ చేసి, తిరిగి ఎక్కించాల్సిందే. మన దగ్గర ఇంకా ఫ్యాట్ 32 పెన్‌డ్రైవ్‌లు తిరుగుతున్నాయి. వాటిలో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు, పెళ్ళి వీడియో ఆగిపోయిందంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

ఇప్పుడు సాహిత్య క్లబ్బువాళ్ళం కాబట్టి మనకు బాగా రుచించే భాగానికి వస్తాను. అన్నీ సరిచేశాక కూడా రెండు ఫైళ్ళు ఎక్కలేదు, ఒక ఫోల్డర్ రెండుసార్లు కనిపించింది. ఎక్కనివాటి పేర్లు చూస్తే ప్రశ్నార్థకం ఉంది, 'ఏమే పిల్లా?' అన్నట్టు. అవి బెంగళూరులో ఉండే మా బావ తన మ్యాక్‌లో పేర్లు మార్చి పంపినవి. మ్యాక్ ప్రశ్నార్థకాన్ని ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. పేరు మారిస్తే అయిపోయింది.

రెండుసార్లు కనిపించిన ఫోల్డర్ పేరు 'పైర్ల పదాలు'. రెండూ అక్షరం అక్షరం ఒకటే. నేను చాలాసేపు కళ్ళు చికిలించి చూశాను. తేడా 'పై'లో ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు, మొత్తం గుర్తును ఒకే కోడ్‌గా, లేదా ఎత్వం ప్లస్ కింద వచ్చే భాగం అని రెండు కోడ్‌లుగా. మన తెలుగులో ఇలా అధికారికంగా రెండుగా విడిపోయే గుర్తు ఇదొక్కటే. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫార్మాట్ పేర్లను విడదీసి దాచుకుంటుంది. విండోస్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచుతుంది. కంటికి ఒకటే అయినా బైట్ల లెక్కలో రెండు వేరు పేర్లు. డ్రాప్‌బాక్స్‌లో ఇలాంటివాటికి యూనికోడ్ ఎన్‌కోడింగ్ కాన్‌ఫ్లిక్ట్ అని పేరు పక్కన తగిలించడం మీరు చూసి ఉండొచ్చు. మందు సులువు. విండోస్‌లో ఒకదానికి కొత్త పేరు పెట్టి, రెండిట్లోవీ ఒకదాంట్లోకి చేర్చాలి. కొట్టేయడం మాత్రం రెండిట్లో ఫైళ్ళు లెక్కపెట్టాకే. మామ కేసులో ఒకదాంట్లో తొమ్మిది ఉన్నాయి, ఇంకోదాంట్లో పదకొండు.

పొడవు సంగతి కూడా ఉంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌కూ 3 బైట్లు పడుతుంది. 'నందికొట్కూరు' అని రాస్తే కంటికి ఐదు అక్షరాలు, కోడ్‌లు 12, బైట్లు 36. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్ 4లో ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. అంటే 85 తెలుగు కోడ్‌లు. పాట మొదటి చరణమంతా ఫైలు పేరుగా పెట్టే అలవాటున్నవాళ్ళు గమనించాలి.

ఇంతవరకు సింక్‌ను దారిలో పెట్టడం. అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ పాటలకు సింక్ చాలా? చాలదని నా అభిప్రాయం. సింక్ మనం చేసిన మంచినీ చెడునూ ఒకే నమ్మకంతో రెండో చోట చేస్తుంది. ఫైలు చెడితే చెడిన ఫైలునే ఎక్కిస్తుంది. రోబోకాపీ వాడేవాళ్ళు కూడా జాగ్రత్త, దానిలో మిర్రర్ ఆప్షన్ ఇస్తే అదీ మూలంలో లేనివాటిని గమ్యంలో తుడిచేస్తుంది. బ్యాకప్ అంటే మూలంలో ఏం జరిగినా కదలకుండా ఉండే ప్రతి.

మన పక్క జిల్లాలో ఈ పని రెండు వందల ఏళ్ళ కిందటే జరిగింది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులనూ రాయసగాళ్ళనూ పెట్టుకొని, ఒకే కావ్యానికి దొరికినన్ని రాతప్రతులు తెప్పించి, పోల్చి, కొత్త ప్రతులు రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చువేయించింది కూడా అలా ప్రతులు కూర్చి చూసుకున్నాకే. ఒక ప్రతిలో తప్పు పడితే ఇంకో ప్రతి సాక్ష్యం చెప్పేది. అన్ని ప్రతులూ ఒకదాన్ని చూసి ఒకటి వెంటవెంటనే మారిపోతుంటే ఆ పని సాధ్యమయ్యేదా?

ఒకే ఇంట్లో పెట్టిన రెండు ప్రతులు కూడా ఒకటే లెక్క. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు బీరువా పై అరలో ఏముంది, కింది అరలో ఏముంది అని నీళ్ళు చూడలేదు. కర్నూలులో మా బంధువుల ఇంట్లో ఆ రోజుకు ముందు తీసిన పెళ్ళి ఫోటో ఇప్పటికీ ఒక్కటి లేదు.

మామతో కూర్చొని లెక్క వేశాం. ఉచితంగా గూగుల్ ఇచ్చేది 15 జీబీ. 600 జీబీ ఎక్కించాలంటే డబ్బు కట్టడం ఒక ఎత్తు, టైం ఇంకో ఎత్తు. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 1.25 మెగాబైట్లు. ఆగకుండా నడిచినా ఐదున్నర రోజులు, అన్ని రోజులూ డిస్కు ఊడకూడదు. అందుకని మళ్ళీ తీయగలిగేవి, మళ్ళీ తీయలేనివి అని విడదీశాం. సంగమేశ్వరం ఎండాకాలంలో మళ్ళీ బయటికొస్తుంది. పెళ్ళి ఫోటోల ప్రతి పెళ్ళివాళ్ళ దగ్గర ఉంది, వాటికి ఇంకో డిస్కు చాలు. అవ్వ పాటలు మాత్రం మూడుచోట్ల. కంప్యూటర్ లోపలి డిస్కులో పెట్టి అక్కడినుంచి క్లౌడ్‌కు సింక్, అంటే ఎక్స్‌టర్నల్ డిస్కును సింక్‌లోంచే తప్పించాం. మామ డిస్కులో మామూలు కాపీ. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో బావ చేతికి, బెంగళూరుకు.

"అన్నిటికీ ఇదే చేస్తే పోలే?" అన్నాడు మామ. చేయొచ్చు, డబ్బుంటే.

మన క్లబ్ గదిలో బీరువాలో పాత సంచికలు, కవి సమ్మేళనాల వీడియోలు ఉన్న డిస్కు ఒకటుంది. దాని ఫార్మాట్ ఏమిటో, స్మార్ట్ అంకెలు ఎలా ఉన్నాయో ఈ శనివారం సాయంత్రం చూస్తాను. రావాలనుకునేవాళ్ళు రండి, వచ్చేటప్పుడు కనీసం 500 జీబీ ఖాళీ ఉన్న డిస్కు ఎవరి దగ్గరన్నా ఉంటే తీసుకురండి. పేరులో ఐత్వం ఉన్న ఫైళ్ళ జాబితా ముందే చేసిపెడతాను.